లాంతరు చొక్కాలూ, రంగంలో మా అసిరమ్మా

రంగం వెళ్ళొచ్చి నెల దాటింది. బర్మావాళ్ళు ఇప్పుడు యాంగోన్ అంటున్నారు గానీ మా కళింగపట్నం వైపు ఇంకా రంగమే. అక్కడి బంగారు గుడి ఎంత ఎత్తో, ఎన్ని దీపాలో రాస్తానని ఎదురుచూసేవాళ్ళు నన్ను మన్నించాలి. నేను వెళ్ళింది ఒక పని మీద. ఆ పనిలో నా మనసు ఎంత కుళ్ళుకుందో చెప్పకుండా ఈ ప్రయాణం చెప్పడం నాకు చేతకాదు. నేను బడికి వెళ్ళలేదు. మా నాన్న ఇంట్లోనే అక్షరాలు దిద్దించి, చూసింది చూసినట్టు రాయమనేవారు. ఆయన పెట్టిన భిక్షే ఇది.

పనేమిటంటే, మా అమ్మమ్మా, రంగంలో ఉండే నా వరస చెల్లెలు నూకరత్నం వాళ్ళ అమ్మమ్మా సొంత అప్పచెల్లెళ్ళు. చెల్లెలు రేవు పనికి పోయే మొగుడి వెంట రంగం ఓడ ఎక్కుతూ, ఇంటి గూట్లో ఉన్న జానెడు ఇత్తడి అసిరమ్మ విగ్రహాన్ని బియ్యం మూటలో పెట్టుకుని తీసుకుపోయింది. ఇంట్లో పీట మాత్రం మిగిలింది. అమ్మవారి పాదాలు దిగడానికి రెండు గుంటలున్న పీట. మా అమ్మమ్మ ఆ ఖాళీ పీటకి దీపం పెట్టింది, తర్వాత అమ్మ, ఇప్పుడు నేను. పోయే ముందు అమ్మ అడిగింది ఒక్కటే, తల్లిని ఇంటికి తెమ్మని. అందుకే పీటని పాత చీరలో చుట్టి సంచిలో పెట్టుకుని బయల్దేరాను. తల్లి దాని మీదే కూర్చుని రావాలని నా ఆశ.

మింగళాడోన్

విమానం దిగేది ఊరి ఉత్తరాన మింగళాడోన్‌లో. బయట నూకరత్నం నిలబడి ఉంది. ఫోనులో తప్ప ఎప్పుడూ చూడలేదు. నాకంటే రెండేళ్ళే చిన్న, జుట్టు మాత్రం నల్లగా నిగనిగలాడుతోంది. సాన మీద గంధంలా అరగదీసిన తనఖా అనే చెక్క పూత రెండు బుగ్గల మీదా గుండ్రంగా ఉంది. కింద పూల లుంగీ, పైన మోకాళ్ళ దాకా వేలాడే బొంత లాంటి చొక్కా, దాని మీద పెద్ద లాంతరు బొమ్మ. వీపున ఎవరిదో పేరు, పదిహేడు అంకె.

"ఏటప్పా, అలగ సూత్తన్నావు? ఇది మంచు హాకీ సొక్కా. నాను కుట్టిందే," అంది. మా వైపు అక్కని అప్ప అంటాం.

అక్కడి పారిశ్రామిక వాడలో కుట్టు ఫ్యాక్టరీలో పని ఆమెది. టాక్సీ ఆ పక్కనుంచే వెళ్తుంటే గోడ చూపించింది. గేటు దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు 'మ సండా' అని చెయ్యూపారు. బయట ఆమె పేరు అది. 'మ' అంటే ఈడు ఆడవాళ్ళకిచ్చే మర్యాద. ఒక మనిషికి రెండు పేర్లు, రెండు పేర్లకీ పలికేవాళ్ళున్నారు. నన్ను ఊళ్ళో పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఇద్దరే మిగిలారని అప్పుడే గుర్తురావాలా!

అక్కడ బళ్ళకి స్టీరింగు మనకి లాగే కుడివైపు. కానీ బళ్ళు నడిచేది కూడా రోడ్డుకి కుడివైపే. అలవాటుగా నేను ఎడమ తలుపు తీసుకుని దిగబోయాను. నా ముక్కుకి మూరెడు దూరంలో బస్సు పోయింది. నూకరత్నం నా కొంగు పట్టుకుని లోపలికి లాగింది.

"నా సిన్నప్పుడు ఈ ఊల్లో ఒక రోజు ఎడం కాస్తా కుడి అయిపోనాదంట. దార్లు మారిపోనాయి, బళ్ళు మారలేదు. యబాదే," అని నవ్వింది. యబాదే అంటే పర్లేదు అని. అది వాళ్ళ ఊతపదం. బతికించినందుకు తల్లికి మనసులో దండం పెట్టుకున్నాను. లాగింది నూకరత్నమే అయినా.

పజుండౌంగ్

వాళ్ళుండేది కాలవ దగ్గర పజుండౌంగ్‌లో, పాత కట్టడం మూడో అంతస్తు. ప్రతి వసారా నుంచీ వీధిలోకి తాడు వేలాడుతుంది, చివర క్లిప్పు, చిన్న గంట. కింద నుంచి పేపరు గానీ కూరగాయలు గానీ తగిలించి గంట లాగితే పైనున్నవాళ్ళు తోడుకుంటారు. మన నూతిలో చేద లాగ. పొద్దున్న ఆ తాడు మీదే మొహింగా వచ్చింది. చేపల పులుసులో అరటి దూట వేసి, సన్నటి బియ్యం సేమ్యా మీద పోసినట్టుంటుంది. గిన్నె రెండున్నర వేల చాట్లు అన్నారు, వాళ్ళ రూపాయి పేరు చాట్. వేలు అనగానే గుండె గుభేలుమంది గానీ అక్కడ వేలంటే మన పదులే. కిందికి దిగి, అమ్మే ఆవిడకి నోట్లు ఇస్తూ నూకరత్నం ఎడమ చేత్తో తన కుడి మోచేతిని పట్టుకుంది. అక్కడ ఎవరికి ఏమిచ్చినా అలాగే ఇస్తారు. మనం గుళ్ళో ప్రసాదం పుచ్చుకునేటప్పుడు మాత్రమే చేసేది వాళ్ళు రోజంతా చేస్తారు.

నూకరత్నం వాళ్ళమ్మని నేను పిన్నీ అని పిలిచాను. ఎనభై దాటిన మనిషి. నన్ను చూడగానే మా అమ్మమ్మ పేరు చెప్పి, ఫోటోలో ఆవిడ ముక్కే అంది. తర్వాత చెయ్యి పట్టుకుని అసిరమ్మ తల్లి దగ్గరికి తీసుకెళ్ళింది.

ముగ్గురు ఆడవాళ్ళం జీవితమంతా ఎవరి ఖాళీకి దీపం పెట్టామో, ఆమె ఎదురుగా ఉంది. బియ్యం పోసిన కంచు గిన్నెలో నిలబడి ఉంది. పసుపుకి బదులు బుగ్గల మీద తనఖా రాశారు. తల్లికి బర్మా సింగారమేమిటని మొదట ఒళ్ళు మండింది. కానీ అబద్ధమెందుకు, బాగుంది. పుట్టింటి కంటే అత్తింట్లో ఒళ్ళు చేసిన పిల్లలా బాగుంది. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

వచ్చిన పని ఆ పూటే చెప్పేశాను. పిన్ని లేచి తల్లి దీపంలో నూనె పోసింది. నూకరత్నం మాత్రం, రెండ్రోజులు ఊరు సూడప్పా, అడగాల్సినోల్లని అడుగుదాము, అంది.

లాంతరు బజారు

మర్నాడు సందు చివర బజారుకి వెళ్ళాం. పజుండౌంగ్‌లో ఎవరిని చూసినా లాంతరు చొక్కాయే. సైకిల్ రిక్షా తొక్కే ముసలాయన, వక్కాకులు కట్టే ఆవిడ, టీ కొట్టు దగ్గర ముద్దు పెట్టుకున్నట్టు పెదాలతో చప్పుడు చేసి టీ తెప్పించుకునే పెద్దమనిషి. (అక్కడ అలాగే పిలుస్తారు. నాకు చెవులు ఎర్రబడ్డాయి.) తోపుడు బండి మీద ఆ చొక్కాలు గుట్టగా పోసి ఉన్నాయి.

"ఇయన్నీ నా తప్పులే," అంది నూకరత్నం, పొగుడుకుంటున్నట్టు.

చేరిన వారంలోనే ఆమెకి జట్టు నాయకుడి చొక్కాలు ఇచ్చారట. ఎడమ రొమ్ము దగ్గర ఒక అక్షరం కుట్టాలి. చొక్కాని ఎదురుగా పరుచుకుని తన ఎడమ చేతివైపు కుట్టేసింది. నలభై చొక్కాలు. సూపర్వైజరు వచ్చి, చూసేవాళ్ళ ఎడమ కాదు, తొడుక్కున్నవాళ్ళ ఎడమ అని అరిచిందట. కుట్టుపనిలో ఎప్పుడూ తొడుక్కున్నవాళ్ళ చెయ్యే లెక్క. ఆ నలభైతో మొదలై, తర్వాత్తర్వాత పక్కన పెట్టేసినవన్నీ ఇలా బజారుకి చేరాయి.

టీ తాగుతూ ఆ జట్టు కథంతా చెప్పింది. ఫోనులో వెతికి, దానిచేతే బర్మా భాషలోకి మార్పించుకుని, రెండేళ్ళుగా చదువుతోందట.

ఎక్కడో ఉత్తరాన, ఆరు నెలలు నీళ్ళు గడ్డకట్టే రేవు పట్నం. బూట్ల కింద కత్తులు బిగించుకుని, మంచు గచ్చు మీద కర్రలతో నల్ల రబ్బరు బిళ్ళని తరిమే ఆట అక్కడివాళ్ళకి ప్రాణం. జీతాలిచ్చి ఆడించే జట్టు. ఓడలకి దారి చూపే లాంతరు వాళ్ళ గుర్తు, పేరూ లాంతర్లే. చేపల గోదాముల పక్కన ఆటశాల. తండ్రి కూర్చున్న కుర్చీలోనే కొడుకు కూర్చుంటాడు. బాగా ఆడినవాళ్ళు ఆట మానేశాక వాళ్ళ చొక్కాని పైకప్పుకి వేలాడదీస్తారు, ఆ అంకె ఇంకెవరికీ ఇవ్వరు. గెలిచింది తక్కువే. ఓడినప్పుడు కూడా జనం కదిలేవాళ్ళు కాదట.

ఇంతలో యజమాని మారాడు. ఆటశాల పాతబడింది, కొత్తది కట్టండి అన్నాడు. ఊరు కట్టలేనంది. ఒక వేసవిలో అతను జట్టు మొత్తాన్ని దక్షిణాదికి, మంచు అంటే ఏమిటో తెలియని ఇసుక ఊరికి తోలుకుపోయాడు. సామాను లారీలు వెళ్తుంటే జనం లాంతర్లు పట్టుకుని దారి పక్కన నిలబడ్డారు. కొత్త ఊళ్ళో మొదటి ఏడు ఆ చొక్కాలతోనే ఆడారు. పాత ఊరు ఊరుకోలేదు. మనుషుల్ని తీసుకుపోయావు, పేరు మాది అని పోట్లాడింది. చివరికి కుదిరిన ఒప్పందం ఏమిటంటే, ఆటగాళ్ళు కొత్త ఊరికి. పేరు, లాంతరు, రంగులు, పైన వేలాడే చొక్కాలు, గెలిచిన ఆటల చరిత్ర, అన్నీ పాత ఊరికి. కొత్త ఊరివాళ్ళు తేలు గుర్తు పెట్టుకున్నారు. నూకరత్నం మిషను మీదికి లాంతరు రావడం ఆగి తేలు వచ్చింది.

"పాతూరోల్లు ఇప్పటికీ ఆటలు మొదలయ్యే రోజున లాంతరు సొక్కాలు తొడుక్కుని ఖాళీ ఆటశాల్లో కూసుంటారంటప్పా," అంది. చెబుతుంటే ఆమె కళ్ళు తడి అయ్యాయి. ముఖం తెలియని ఊరికోసం! నాకు మా ఖాళీ పీట కళ్ళముందు కదిలింది, దాని వెంటే ఒక దుర్బుద్ధి.

"న్యాయం ఎవరిది నూకరత్నం?"

"పాతూరిదే. తేలు కుట్టినప్పుడల్లా నా సెయ్యి ఆడదు."

"అలాగైతే మన అసిరమ్మ ఏ ఊరిది?"

టీ గ్లాసు కింద పెట్టేసింది. "ఆట ఆడినోల్లు ఎల్లిపోనారు కదప్పా. సెమటంతా ఆలదే," అంది. తల్లి కూడా ఆడి చెమటోడ్చిన మనిషే, ఆడే చోటే ఆమె ఊరని అర్థం. ఆ మాట బాగుంది. అంత మంచి మాట నాకు తోచనందుకు ఉడుక్కున్నాను.

మంచు గచ్చు

ఊళ్ళో ఒక మాల్‌లో చిన్న మంచు గచ్చు ఉందని, జీవితంలో ఒక్కసారైనా దాని మీద నిలబడాలని నూకరత్నం కోరిక. ఇన్నేళ్ళు లాంతర్లు కుట్టి కూడా ఒక్కర్తే వెళ్ళడానికి సిగ్గట. నన్ను తోడు తీసుకెళ్ళింది. మేం వెళ్ళేసరికి కరెంటు పోయి చాలాసేపైంది. జనరేటరు దీపాలకే సరిపోతోంది. మంచు మీద రెండంగుళాల నీళ్ళు నిలిచి ఉన్నాయి. గేటు దగ్గరి ఆవిడ డబ్బు పుచ్చుకోకుండానే, కావాలంటే చెప్పులు విప్పి అడుగు పెట్టమంది.

నూకరత్నం లుంగీ ఎత్తి పట్టుకుని దిగింది. లాంతరు చొక్కాతో, గుళ్ళో ప్రదక్షిణ చేసినట్టు అంచు వెంట మెల్లగా ఒక చుట్టు తిరిగింది. నేను రెండో అడుగులో జారి నీళ్ళలో కూలబడ్డాను. దెబ్బ తగల్లేదు, తల్లి దయ. చీర తడిసింది. ఆమె ఎందుకు జారలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

పువ్వు

శుక్రవారం పొద్దున్న పిన్ని తల్లికి నీళ్ళు పోసింది. పువ్వు అడుగుదామంది. మన వైపు తెలిసిందే. తడిపిన పువ్వుని అమ్మవారి తల మీద పెట్టి, మనసులో మాట అడిగి కూర్చోవాలి. కుడివైపు రాలితే అవును, ఎడమవైపు రాలితే కాదు. ఇంటికి వస్తావా అన్నది ప్రశ్న. పిన్ని ఎర్ర మందారం పెట్టింది. ముగ్గురం ఎదురుగా కూర్చున్నాం. నూకరత్నం పెదాలు కదులుతున్నాయి. నావీ కదులుతున్నాయి. ఇద్దరం ఒకే తల్లిని చెరో మాట అడుగుతున్నాం.

మందారం మెల్లగా వాలింది, భుజం మీద ఆగింది, బియ్యంలో పడింది. మా కుడిచేతి వైపు.

"కుడి ఇచ్చీసినాది. ఎల్తానంతాది," అంది పిన్ని. తన పైట చెంగుతో తల్లి బుగ్గల మీది తనఖా తుడవడం మొదలుపెట్టింది. కన్నవారింటికి పంపే పిల్లకి ముఖం కడిగినట్టు.

మా ఇంట్లో ఎప్పుడు పువ్వు అడిగినా అమ్మ చెప్పే లెక్క వేరు. మన కుడి కాదు, అమ్మవారి కుడి. ఆమె మనకి ఎదురుగా ఉంటుంది కాబట్టి మన కుడి ఆమెకి ఎడమ. మా లెక్కలో తల్లి రానంది. వాళ్ళ లెక్కలో వస్తానంది. ఈ సంగతి ఆ గదిలో తెలిసింది నాకొక్కర్తికే.

నేను నోరు విప్పలేదు.

బంగారు గుడి

ఆ సాయంత్రం బంగారు గుడికి వెళ్ళాం. అక్కడ పుట్టిన వారాన్ని బట్టి ఒక్కొక్కరికీ ఒక మూల. నాది శుక్రవారం. ఎలుక జాతి చిన్న జంతువు బొమ్మ, పైన బుద్ధుడు. గిన్నెతో నీళ్ళు పోసి మొక్కుకోవాలి. పక్కన ఒక ముసలావిడ తన వంతు గిన్నె కూడా నాకే ఇచ్చింది, మోచెయ్యి పట్టుకుని.

నేను ఏ దేవుడి ముందు నిలబడినా ముందు చెప్పుకునేది కృతజ్ఞతే. అడగడం తర్వాత. అమ్మ నేర్పిన అలవాటు. ఆ రోజు నీళ్ళు పోశాను, చేతులు జోడించాను, మాట రాలేదు. కోరుకున్నది చేతికొచ్చాక కూడా థాంక్స్ చెప్పుకోలేకపోవడం నాకు అదే మొదలు. నూకరత్నం తన మూలలో కళ్ళు మూసుకుని ఏదో చెప్పుకుంటూనే ఉంది. తల్లిని పోగొట్టుకుంటున్న మనిషికి అంత చెప్పుకోవడానికి ఏముంది?

సంచి

మర్నాడు పొద్దున్న లేచేసరికి ఆమె మిషను దగ్గర ఉంది. పాడైన లాంతరు చొక్కా కత్తిరించి తల్లికి సంచి కుడుతోంది. దెబ్బ తగలకుండా లోపల దూది పొర. లాంతరు సరిగ్గా ముందుకి వచ్చేలా పెట్టింది.

"నూకరత్నం, కుట్టకు," అన్నాను.

ఆపలేదు.

"మా ఇంట్లో అమ్మవారి కుడే కుడి. నిన్న పువ్వు ఆమెకి ఎడమవైపు పడింది. రానంది. నాకు నిన్ననే తెలుసు."

దారం అయ్యేదాకా కుట్టి, పంటితో తెంపింది. "తెల్సప్పా," అంది.

"ఏం తెలుసు?"

"నలభై సొక్కాలు పాడుసేసి నేర్సుకున్నాను కదా. ఎడం కుడీ తొడుక్కున్నోల్లదే. అమ్మకి తెల్దు గానీ, పువ్వు పడినప్పుడే నాను సూసినాను."

"మరి ఎందుకు ఊరుకున్నావు?"

"నువ్వూ సూసినావు కదా. నీ మొకం తెల్లబోనాది. అమ్మోరి కోసం ఇంత అబద్దం మోత్తంది, ఈ మనిసి దగ్గర తల్లికి ఏటి లోటు అనుకున్నాను. గుడి కాడ అదే సెప్పుకున్నాను."

నేను ఏడ్చాననుకునేరు. ముందు వచ్చింది ఏడుపు కాదు, అసూయే. తల్లిని ఇన్నేళ్ళు ఉంచుకుంది చాలక, వదులుకోవడంలో కూడా నన్ను మించిపోయింది. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

సిగ్గు కొద్దీ సంచిలోంచి పీట తీశాను. తల్లిని తీసుకుపోను, ఇది కూడా ఉంచుకో, ఆమెకి కాళ్ళకింద ఇన్నేళ్ళూ బియ్యమే కదా అన్నాను. నూకరత్నం పీట మీద చెయ్యి వేసి, గుంటలు తడిమింది. పిన్నిని పిలిచింది. తల్లిని గిన్నెలోంచి ఎత్తి పీట మీద నిలిపారు. రెండు పాదాలూ గుంటల్లోకి టక్కున దిగాయి. మా అమ్మ చూడనిది, అమ్మమ్మ చిన్నప్పుడు చూసింది, నేను చూశాను. కింద తాడు గంట రెండుసార్లు మోగినా ఎవరూ లేవలేదు.

తర్వాత నూకరత్నమే తల్లిని ఎత్తి మళ్ళీ బియ్యంలో నిలిపింది. పీటని నా చేతుల్లో పెట్టింది, మోచెయ్యి పట్టుకుని.

"పీట ఆ ఊరిదప్పా. మేం తల్లిని తెచ్చేసుకున్నాము. ఇది కూడా పట్టీసుకుంటే ఇంకేటి న్యాయం?"

తిరిగి ఇంటికి

మింగళాడోన్‌లో సామాను చూసే ఉద్యోగి సంచి విప్పించాడు. రెండు గుంటల చెక్క ఏమిటని అడిగాడు. దేవుడి కుర్చీ అని నూకరత్నం బర్మాలో చెప్పింది. ఖాళీగా ఉందేమని అడిగాడట. నువ్వేం చెప్పావని నేనడిగితే, ఆట వేరే ఊల్లో ఆడతన్నారని సెప్పినాను అంది. అతనికి ఏం అర్థమైందో గానీ చెక్కకి చేతులు జోడించి పంపించాడు.

పీట ఇప్పుడు గూట్లో ఉంది, కింద నూకరత్నం నాకే ఇచ్చేసిన లాంతరు సంచి పరిచాను. సాయంత్రం దీపం పెట్టి కూర్చుంటే, ఎక్కడో ఖాళీ ఆటశాలలో కూర్చునే ఆ ఊరివాళ్ళు తోడున్నట్టుంటుంది. మొన్న నూకరత్నం ఫోను చేసి, ఆ ఊళ్ళో కుర్రాళ్ళు ఒక చిన్న జట్టు కట్టారని, పాత పేరే పెట్టారని, తన మిషను మీదికి మళ్ళీ లాంతరు వచ్చిందని చెప్పింది. మీరూ బుడితి ఊరి కంచరుల చేత ఇత్తడితో కొత్త తల్లిని పోత పోయించుకోండి అంది. చూద్దాం అన్నాను. నాకింకా మనసు రాలేదు.

రోజూ పొద్దున్న ఆమె అసిరమ్మ తల్లి ఫోటో పంపుతుంది. బుగ్గల మీద తనఖా మళ్ళీ వచ్చింది. ఏ రోజు చూసినా ఆ పువ్వులు మా పెరటి పువ్వులకంటే పెద్దవే. ఇంత దూరం నుంచి దర్శనం ఇప్పిస్తున్నందుకు ఆమె చల్లగా ఉండాలని మొక్కుకుంటాను, పళ్ళు కొరుక్కునైనా మొక్కుకుంటాను. నిన్నటి ఫోటోలో మందారం తల మీంచి జారి బియ్యంలో పడి ఉంది. తల్లి కుడిచేతి వైపు.

ఎవరూ అడక్కుండా రాలిన పువ్వుకి అర్థం లేదని అమ్మ చెప్పేది. నాకూ తెలుసు. కానీ రోజూ ఫోటోలు చూసి తీసేసేదాన్ని, అదొక్కటి దాచుకున్నాను.